సుద్దగీత దాటిన పాదం

రెండో రోజు మధ్యాహ్నం, అందరూ టేపు అని పిలిచే అమ్మాయి వేసిన బొమ్మ మీద సార్ గుడ్డ పడింది.

గుడ్డ పడటమంటే ఏమిటో ఆ తరగతిలో అందరికీ తెలుసు. బొమ్మల కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు బొగ్గుకడ్డీతో గీసేవాటిలో ఎక్కడ తప్పు కనిపిస్తే అక్కడ సార్ జేబులోంచి పాత మెత్తటి గుడ్డ తీసి తుడిచేస్తాడు. తిట్టడు, అరవడు. ఒక పూటంతా కూర్చుని వేసిన భుజమైనా సరే, రెండు విసుర్లలో బూడిదరంగు మరక అయిపోతుంది. "చూసింది గియ్యి, తెలిసింది గియ్యకు," అని ఒక్క ముక్క అనేసి పక్క స్టాండు దగ్గరికి నడుస్తాడు. ఇళ్ళకి వెళ్ళేటప్పుడు పిల్లలు ఒకళ్ళనొకళ్ళు "నీకెన్ని గుడ్డలు పడ్డాయి?" అని అడుగుతారు తప్ప, బొమ్మ ఎలా వచ్చిందని అడగరు.

ఈసారి తుడిచింది పాదం.

"పాదం ఎంతుందో చూశావా?" అన్నాడు సార్.

"చూశాను సార్. కొలిచే వేశాను."

"కొలిస్తే ఇంత ఎందుకొస్తుంది? అది పాదమా, పడవా?"

తరగతి ఘొల్లుమంది. టేపుకి తల కొట్టేసినట్టయింది. తుడిచిన చోట వేలితో రాస్తూ వంచిన తల ఎత్తలేదు.

టేపు ఆమె అసలు పేరు కాదు. వాళ్ళ నాన్న జోళ్ళు కుడతాడు. చేరిన మొదటి వారంలో పెన్సిలుతో కొలవడం నేర్పుతుంటే, అలవాటు కొద్దీ జేబులోంచి నాన్న ఇచ్చిన కొలత టేపు తీసింది. పక్కవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? ఆ పూట నుంచి అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది. పేరు పోతే పోయింది గానీ, కొలతలో తనకెవరూ సాటి రారని లోపల ఒక గర్వం ఉండేది. నీడలు వెయ్యడం రాకపోవచ్చు, గీత పొగరుగా పడకపోవచ్చు, కొలత మాత్రం తప్పదు. ఇప్పుడు అదే తప్పిందంటున్నారు.

ఎదురుగా చెక్క అరుగు మీద, వాళ్ళు గీస్తున్న మోడల్ పెద్దమ్మ కదలకుండా కూర్చుని ఉంది. వీపు లేని ఎత్తు కుర్చీ, భుజాల మీద బూడిదరంగు దుప్పటి, చేతులు ఒళ్ళో, కుడిపాదం ఒక అడుగు ముందుకి. అయిదు రోజులూ అదే భంగిమ. కుర్చీ కాళ్ళ చుట్టూ, ఆమె పాదాల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసి ఉంటాయి. మధ్యాహ్నం లేచి వెళ్ళినా, మర్నాడు వచ్చినా, ఆ గీతల్లోనే పాదాలు పెట్టుకుని కూర్చోవాలి. అరగంటకోసారి మోడల్‌ని లేవనివ్వాలని తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. సార్ దాన్ని ఏనాడూ ఖాతరు చెయ్యలేదు. లేచిన మనిషి మళ్ళీ అదే మనిషై కూర్చోదని ఆయన నమ్మకం. భోజనానికి ఒక్కసారి లేవడమే.

పెద్దమ్మ ఒకప్పుడు ఈ గదులే తుడిచేది. మోకాళ్ళు వంగడం మానేశాక, ఆఫీసు గుమాస్తా జాలిపడి ఆమెని కుర్చీ ఎక్కించాడు. "కూర్చుంటే చాలట, దాన్ని పనంటారట! ముందే తెలిస్తే ఇన్నేళ్ళు బకెట్లు మోసేదాన్నా?" అని మొదటి రోజు ఆమె నవ్వితే పిల్లలందరూ నవ్వారు. అప్పటినుంచి అందరికీ పెద్దమ్మే.

టేపు మళ్ళీ మొదలుపెట్టింది. ఒక కన్ను మూసి, మోచెయ్యి తిన్నగా చాచి, పెన్సిలు అడ్డంగా పట్టి, బొటనవేలు జరుపుతూ పెద్దమ్మ చేతి వెడల్పు తీసుకుంది. అదే కొలతని పాదం మీదికి దించి, వేళ్ళ మొదట్లో వెడల్పుతో పోల్చింది. పాదం గోరంత ఎక్కువుంది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే. సార్‌కి కోపం వస్తే రానీ అనుకుని ఉన్నదున్నట్టు వేసి, వేళ్ళకి బొగ్గు నలుపుతోనే ఇంటికి పోయింది.

మూడో రోజు పొద్దున సార్ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. "లే," అని ఆమె స్టూలు మీద తను కూర్చున్నాడు. పెన్సిలు ఎత్తి కొలిచి, ఆ పెన్సిలు వేలు జరగకుండా ఆమె చేతికిచ్చాడు. "నువ్వూ చూడు."

చూసింది. చేతి వెడల్పూ పాదం వెడల్పూ ఒక్కటే. వెంట్రుకవాసి తేడా లేదు.

"మోచెయ్యి వంచుతున్నావు. వంచినవాళ్ళకి ఏ కొలతా నిలవదు." గుడ్డ మళ్ళీ పడింది. "ఈ షీటు కుదరకపోతే నిన్ను మళ్ళీ జాడీల గదికి పంపాల్సి వస్తుంది. నాకేం సరదా కాదు."

జాడీల గది అంటే జాడీలూ సీసాలూ డబ్బాలూ బల్ల మీద పెట్టి గీయించే గది. అక్కడ నాలుగు నెలలు ఉండి వచ్చింది. మనుషుల గదిలోకి అడుగుపెట్టి రెండు వారాలు కూడా కాలేదు. ఆమె ప్రాణం ఉసూరుమంది. తన మోచేతిని తనే అనుమానంగా చూసుకుంది. పాదాన్ని బుద్ధిగా చేతి వెడల్పుకి సరిగ్గా దించింది. పదకొండు గంటలకి అది సరిగానే ఉంది. భోజనం గంటకి ముందు ఊరికే ఒకసారి కొలిచి చూస్తే, కాగితం మీది పాదం కన్నా అరుగు మీది పాదం పెద్దది.

ఇదేం మాయ అనుకుంది. గంట కొట్టారు, అందరూ అన్నం డబ్బాలు పట్టుకుని వరండాలోకి పోయారు. టేపు కిటికీ పక్క స్టాండు చాటున కూర్చుని, పొద్దుటినుంచి తీసిన ఒక్కో కొలత కాగితం అంచున రాసుకుంటూ ఉండిపోయింది.

కాసేపటికి పెద్దమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. గోడ పట్టుకుని అరుగెక్కి, కుర్చీ మీద కూర్చోకుండా కిందనే చతికిలబడింది. బొటనవేలు నాలుకతో తడి చేసుకుని పాదం చుట్టూ ఉన్న సుద్దగీతని రుద్ది చెరిపేసింది. తర్వాత దుప్పటి మడతలోంచి సుద్దముక్క తీసి, పాదం పక్కన ఆనించి, కొత్త గీత గీసుకుంటోంది. కొత్త గీత పాతదానికి బయటగా పడింది.

"గీత ఎందుకు చెరుపుతున్నావు పెద్దమ్మా?"

పెద్దమ్మ ఉలిక్కిపడి సుద్దముక్క వదిలేసింది. "ఎవరూ లేరనుకున్నా. చెరిగిపోతే దిద్దుతున్నానమ్మా, అంతే."

"చెరగలేదు. నువ్వే చెరిపావు."

ముసలావిడ ఒక్క క్షణం ఏదో సర్దబోయి, మానేసింది. కాలు చాపి చూపించింది. చీలమండ ఎముక ఎక్కడుందో కనిపించలేదు. చర్మం బిగిసి మెరుస్తోంది. వేళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

టేపుకి ముందు కలిగింది జాలి కాదు, సంతోషం. మోచెయ్యి వంగలేదన్నమాట, తన కన్ను తప్పు చెయ్యలేదన్నమాట. ఆ వెంటనే సిగ్గేసింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"ఈ కుర్చీ ఎక్కినప్పటినుంచి. పొద్దున లేస్తే మామూలుగానే ఉంటుంది. కూర్చున్నకొద్దీ నీరు దిగుతుంది."

"సార్‌తో చెప్పు. గంటకోసారైనా లేవనిస్తారు. తలుపు వెనక రాసి కూడా ఉంది."

"తలుపు మీద రాసింది చదవడం నాకు రాదుగానీ తల్లీ, సార్ మొహం చదవడం వచ్చు. నాకంటే ముందు ఒక గడ్డమాయన కూర్చునేవాడు, అప్పుడు నేను ఇంకా తుడుపు పనిలోనే ఉన్నా. దగ్గు తెర వచ్చి రెండుసార్లు కదిలాడు పాపం. సార్ ఒక్క మాట అనలేదు. మర్నాడు తుడవడానికొస్తే ఆ కుర్చీలో ఇంకొకడున్నాడు."

టేపు వెళ్ళి అరుగు అంచున కూర్చుంది.

"ఇది పోతే నన్నింక ఎవరు పెట్టుకుంటారు చెప్పు? తిండికి లోటు లేదు, అబద్ధమెందుకు, కొడుకు పెడతాడు. కానీ పొద్దున్నే తల దువ్వుకుని 'పనికి వెళ్ళొస్తా' అని గుమ్మం దాటుతాను చూడు, అది కావాలమ్మా నాకు. అది లేకపోతే ఆ ఇంట్లో నేను మూల పెట్టిన చీపురునే." ఆమె టేపు మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "చెప్పవు కదూ?"

"చెప్పను."

"నీ బొమ్మలో పొద్దుటి కాలే వేసెయ్యి. నీకూ గొడవుండదు, నాకూ గొడవుండదు."

ఆ సాయంత్రం టేపు దుకాణంలో నాన్న ఎదురుగా కూర్చుని, జోళ్ళు బిగించే కర్ర అచ్చులకి అంటిన జిగురు గీకుతోంది. నాన్న నోట్లో రెండు చిన్న మేకులు పెట్టుకుని, మోకాలి మీద జోడు బోర్లించి అడుగు అతికిస్తున్నాడు. ఎవరి కాలని చెప్పకుండా సంగతి చెప్పింది.

"ఇందులో వింతేముంది?" అన్నాడు నాన్న మేకుల మధ్యనుంచి. "నేను సాయంత్రమైతే గాని కొలత ఎందుకు తీసుకోను? పొద్దుట కాలికి కుడితే సాయంత్రానికి కరుస్తుంది. మీ సార్ పొద్దున కొలిచి మాట్లాడుతున్నాడు, నువ్వు మధ్యాహ్నం కొలిచి మాట్లాడుతున్నావు. ఇద్దరూ కరెక్టే, ఇద్దరికీ బుద్ధి లేదు."

"మరి ఏది గియ్యాలి?"

నాన్న మేకులు ఉమ్మేసి నవ్వాడు. పూర్తయిన ఒక జోడు తీసి అడుగున అంకె చూపించాడు. ఆరు. "ఇందాక వచ్చినావిడది. ఎప్పుడొచ్చినా నాది ఆరే అంటుంది. కాలేమో ఏడున్నర. ఏడున్నరకి కుట్టి ఆరని గుద్దుతా. వేసుకుని, 'చూశావా, ఎంత హాయిగా ఉందో' అంటుంది. పదేళ్ళనుంచి ఇదే తంతు."

"అది అబద్ధం కాదా నాన్నా?"

"కాలు కరవట్లేదుగా," అన్నాడాయన, తోలు కుట్టే ఆరె తీసుకుని మళ్ళీ పనిలో పడ్డాడు.

టేపు అచ్చు గీకుతూనే నిర్ణయించుకుంది. పొద్దుటి పాదమే వెయ్యాలి. ఒక అంకె మార్చడం లాంటిదే. దాంతో ఎవరికీ నొప్పి లేదు. ఆ ఆలోచనతో మనసు తేలికపడి, మిగతా అచ్చులన్నీ అడగకుండానే శుభ్రం చేసి పెట్టింది.

నాలుగో రోజు పొద్దున పాదాన్ని ఒక్క గంటలో పూర్తిచేసింది. మధ్యాహ్నం దాని జోలికి పోలేదు. చేతుల మీద, దుప్పటి మడతల మీద పని చేస్తూ కూర్చుంది. అప్పుడప్పుడూ అరుగు వంక చూస్తే పెద్దమ్మ చూపు ఎదుటి గోడ మీదే ఉండేది గానీ, పెదవి చివర ఒక చిన్న నవ్వు ఉన్నట్టే అనిపించింది. ఒకళ్ళ రహస్యం దాచిపెట్టడం ఇంత బాగుంటుందని టేపుకి అంతకుముందు తెలియదు.

మూడు గంటలకి సార్ వచ్చాడు. ఆమె వెనకే నిలబడి చాలాసేపు చూశాడు. పెన్సిలు ఎత్తి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఇది చూసి గీసింది కాదు," అన్నాడు.

టేపు బొగ్గుకడ్డీ దించింది.

"నిన్నటిదాకా పాదం పెద్దది చేశావు. నేనన్నానని ఇవాళ చిన్నది చేశావు. నా మాట గీశావు, పాదం గియ్యలేదు." గొంతు పెరగలేదు. అయినా గదంతా బొగ్గుకడ్డీల చప్పుడు ఆగింది. "అటు చూడు. అది చేతికంటే పెద్దగా లేదూ? కళ్ళున్నాయా నీకు అసలు?"

టేపు పెదవి కొరుక్కుంది. ఏమీ అనకుండా ఉంటే గుడ్డ పడుతుంది, అంతే కదా. పడనీ అనుకుంది.

సార్ గుడ్డ తీశాడు. తియ్యడంతో ఊరుకోలేదు. "మీ ఇంట్లో పని వేరమ్మా. కాగితం మీద కాలు పెట్టించుకుని చుట్టూ గీత గీసి కత్తిరిస్తే సరిపోతుంది. దానికి చూడక్కర్లేదు. ఇక్కడ చూడాలి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

టేపు చెవులు వేడెక్కాయి. మేకులు నోట్లో పెట్టుకుని వంగి ఉన్న నాన్న కనిపించాడు. పదేళ్ళుగా ఒకావిడ కాలిని ఏడున్నర అని చూడగలిగిన మనిషి, ఆయనకి చూడటం రాదట. నిన్నా మొన్నా పడిన గుడ్డలు, జాడీల గది, ఘొల్లుమన్న నవ్వు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"నా కొలత తప్పు కాదు సార్. పాదమే మారుతోంది."

నోరు జారింది. నాలుక కరుచుకుంది గానీ, మాట అప్పటికే గదిలో ఉంది.

"ఏమన్నావు?"

అప్పుడైనా ఆగి ఉండొచ్చు. ఆమె ఆగలేదు. కాగితం అంచున రాసుకున్న కొలతలు చూపించింది. తొమ్మిదింటికి ఇంత, పదకొండింటికి ఇంత, భోజనం ముందు ఇంత.

సార్ కోపగించుకోలేదు. ఆ అంకెల్ని శ్రద్ధగా చదివాడు. అరుగు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. సుద్దగీత పక్కన, చెరిపినా పూర్తిగా పోని పాత గీతలు మూడు నాలుగు మసగ్గా కనిపిస్తున్నాయి. వాటి మీద వేలు పోనిచ్చాడు. తర్వాత పెన్సిలు వెనక భాగంతో పెద్దమ్మ పాదం పైన నొక్కి, తీశాడు. అక్కడ పడిన చిన్న గుంట పూడలేదు.

పెద్దమ్మ కదలలేదు. ఇంకా గంట కొట్టలేదు కదా మరి. వీపు తిన్నగా, చేతులు ఒళ్ళో, చూపు గోడ మీద, సార్ మొదటి రోజు ఎలా కూర్చోమన్నాడో అలాగే కూర్చుంది. కళ్ళ కింద ఒక నరం మాత్రం అదురుతోంది.

"అందరూ ఇలా రండి," అన్నాడు సార్.

పద్దెనిమిది మంది అరుగు చుట్టూ మూగి ఆ గుంటని చూశారు. వెనకవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. సార్ చెప్పాడు, చాలా బాగా చెప్పాడు కూడా: పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒకే వస్తువు ఉండదని, తను కూడా రెండు రోజులు చూడకుండానే తుడిచానని, ఈ అమ్మాయి ఒక్కతే చూసిందని. "నేర్చుకోండి. చూడటమంటే ఇదీ." ఇన్ని నెలల్లో ఆయన ఎవరినీ అలా మెచ్చుకోలేదు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, టేపు షీటు తీసి, అందరికీ కనిపించేలా గోడకి గుచ్చాడు. పాదం చుట్టూ మధ్యాహ్నపు గీత కూడా అక్కడే, ఆ పాత గీత మీదే వెయ్యమన్నాడు. టేపు వేసింది. అంత బాగా ఆమె చెయ్యి ఎప్పుడూ పలకలేదు. ఆ పావుగంట పెద్దమ్మ గుర్తు రాలేదు కూడా, పాదం ఒక్కటే కనిపించింది.

గంట కొట్టాక సార్ పెద్దమ్మ భుజం మీది దుప్పటి తనే తీసి మడతపెట్టాడు. "ముందే చెప్పాల్సింది కదండీ. మీకు ఆరోగ్యం ముఖ్యం. రేపటినుంచి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి," అన్నాడు. అన్నాళ్ళలో ఆయన ఆమెని 'మీరు' అనడం అదే మొదటిసారి.

పెద్దమ్మ తలూపింది. దిగడానికి ఎవరో చెయ్యి అందించబోతే వద్దంది. టేపు స్టాండు పక్కనుంచే వెళ్ళింది, ఆమె వైపు చూడలేదు.

అయిదో రోజు ఆ కుర్చీలో గేటు దగ్గర కూర్చునే కాపలాదారు ఉన్నాడు. అదే దుప్పటి కప్పారు, అదే భంగిమ పెట్టారు. అందరికీ చేతులే మిగిలి ఉన్నాయి గనక చేతులు ఇతన్ని చూసి పూర్తి చెయ్యమన్నాడు సార్. పెద్దమ్మ మొహానికీ భుజాలకీ బండబారిన మగ చేతులు అతుకుతుంటే పిల్లలు చాటుగా నవ్వుకున్నారు. అరగంట కాగానే సార్ గడియారం చూసి, "లేచి నాలుగడుగులు వెయ్యి," అన్నాడు. కాపలాదారు అటూ ఇటూ నడిచి వచ్చి కూర్చున్నాడు. టేపు బొగ్గుకడ్డీ కిందపెట్టి బయటికొచ్చింది. ఈ పని నిన్ననే చేయించి ఉండొచ్చు, మొన్న చేయించి ఉండొచ్చు అనుకుంటే కళ్ళు మండాయి.

వరండాలో గోడ పట్టుకుని పెద్దమ్మ వస్తోంది. గదిలో వదిలేసిన డబ్బా కోసం వచ్చిందట. ఒక్క రోజులోనే కాలు దాదాపు మామూలైంది. టేపుకి మొహం చెల్లలేదు, అయినా పారిపోలేదు. రాత్రి పడుకుని తయారుచేసుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి: మా నాన్నని అన్నారని పౌరుషం వచ్చింది పెద్దమ్మా, నా కన్ను తప్పు కాదని నిరూపించుకోవాలనిపించింది, నీ సంగతి ఆ క్షణంలో మర్చిపోయాను, తప్పు చేశాను.

"పెద్దమ్మా..."

"ఏం చెప్పకులే," అంది పెద్దమ్మ. "నిన్న ఇంటికెళ్ళేదాకా నిన్ను తిట్టుకుంటూనే ఉన్నా. ఒట్టేసినట్టు చెప్పి మాట తప్పింది, దొంగపిల్ల అనుకున్నా. పొద్దున పనికి వెళ్ళొస్తా అనబోయి ఆగాను చూడు, అప్పుడైతే ఇంకా తిట్టా." నవ్వబోయింది, కుదరలేదు. "తర్వాత కాళ్ళు చూసుకుని ఆలోచించా. ఇన్నాళ్ళుగా నా కొడుకు చూడలేదు, కోడలు చూడలేదు, రోజుకి ఇరవై మంది కూర్చుని నన్ను గీసేవాళ్ళు ఎవరూ చూడలేదు. ఈ పిల్ల చూసింది. చూసి ఊరుకోలేకపోయింది పాపం. నా కాలు చూడలేకే చెప్పావు కదమ్మా?"

టేపు గోడ వంక చూసింది. చెప్పాల్సిన మాటలన్నీ వరసగా, సిద్ధంగానే ఉన్నాయి.

"అవును పెద్దమ్మా," అంది.

ముసలావిడ మొహం కాస్త తేటపడింది. టేపు గడ్డం పట్టుకుని, ఆ వేళ్ళు తన పెదవులకి తాకించుకుంది. బొగ్గు అంటిందని కూడా చూసుకోలేదు. "చల్లగా ఉండు," అని, డబ్బా తెచ్చి ఇమ్మంది. టేపు తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ దాన్ని చంకన పెట్టుకుని, మళ్ళీ గోడ పట్టుకుని, వచ్చిన దారినే నెమ్మదిగా వెళ్ళసాగింది.

ఆ వరండా చాలా పొడుగు. ఆమె నడక చూస్తే చివరికి చేరేసరికి ఎంత లేదన్నా అయిదు నిమిషాలు పడుతుంది. పరిగెత్తి ఆపొచ్చు, ఇక్కడినుంచి పిలిచినా వినిపిస్తుంది. టేపు నోరు తెరవలేదు. అబద్ధం విని ఆవిడ కాస్త ఊరట పడింది కదా, ఆ ఊరట ఎందుకు లాక్కోవాలి అని తనకి తను చెప్పుకుంది. ఆ మాట కూడా తన కోసమేనని తెలుస్తూనే ఉంది.

పెద్దమ్మ మెట్ల దగ్గర ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని, మలుపు తిరిగింది.

"టేపూ, సార్ పిలుస్తున్నారు!" అని లోపలినుంచి ఎవరో కేకేశారు.

ఆమె మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. వెనక కిటికీ పక్కన తన స్టాండు లేదు. ముందు వరసలో, అరుగుకి సరిగ్గా ఎదురుగా, ఎవరో దాన్ని జరిపి పెట్టారు. అందరూ చూస్తుండగా వెళ్ళి అక్కడ కూర్చుంది.